స్టేషన్‌లో కేసులు తగ్గాయి, వీధిలో భయం పెరిగింది: కాలనీ సర్వే ఎలా చేయాలి

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఒడిశాలోని బరంపురంలో సుమారు 400 ఇళ్ల కాలనీ. తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కలిసి ఉంటున్నారు. వీధి సమావేశంలో ఎవరిని అడిగినా "ఇదివరకులా లేదండీ, చీకటి పడితే భయంగా ఉంది" అంటున్నారు. స్టేషన్‌లో అడిగితే పోయినేడాది కంటే కేసులు తగ్గాయని చెప్పారు. కమిటీవాళ్లు వాట్సాప్ గ్రూపులో ఒక ఫారం పెట్టి అభిప్రాయాలు తీసుకుని, అవి చూపించి సీసీ కెమెరాలకు చందా వసూలు చేద్దామనుకుంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, ఫారంలో ఏం అడగాలి అన్నది మీ ప్రశ్న.

రెండు మాటలూ నిజం కావచ్చు. స్టేషన్ లెక్క కొలిచేది ఒకటి, జనం చెప్పేది మరొకటి. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని అబద్ధం అనకూడదు. సర్వే బాగా చేస్తే "జనానికి భయం ఉంది" అన్న తెలిసిన విషయం దగ్గర ఆగిపోరు. ఎవరికి, ఏ మూల దగ్గర, ఎన్ని గంటలకు, దేని గురించి భయం అన్నది తేలుతుంది. అది తేలితేనే ఏం చేయాలో తెలుస్తుంది.

ముందు స్టేషన్ లెక్క సంగతి. అది నమోదైన ఎఫ్‌ఐఆర్‌ల లెక్క. జరిగినవాటిలో చాలా భాగం అక్కడిదాకా చేరదు. ఫోన్ కొట్టేస్తే కూడా చాలామంది "పోయింది" అని రాసిచ్చి, ఆ కాగితంతో కొత్త సిమ్ తీసుకుని ఊరుకుంటారు. అది దొంగతనం లెక్కలోకి రాదు. ఒకే ఘటనలో మూడు నాలుగు నేరాలు ఉంటే జాతీయ నేర గణాంకాల్లో వాటిలో పెద్దదాన్ని ఒక్కదాన్నే లెక్కిస్తారు. ఇక తాగి వీధిలో గొడవ, ఆడపిల్లల్ని చూసి కూతలు, అర్ధరాత్రి బైకుల రేసులు లాంటివి జనాన్ని రోజూ కంగారుపెట్టేవే అయినా, కేసుగా మారడం అరుదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత చట్టంలో దొంగతనం ఎంత చిన్నదైనా పోలీసులు నేరుగా కేసు కట్టగలిగేవారు. ఇప్పుడు 303(2) కింద, 5,000 రూపాయల లోపు సొత్తు అయితే అది నాన్-కాగ్నిజబుల్. వివరం రిజిస్టర్‌లో రాసుకుంటారు, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు చేయరు. ప్రహరీ బయట పెట్టిన పాత సైకిలు లాంటివి చాలావరకు ఇందులోకే వస్తాయి. కాలనీలో జనం నోట నానేవి కూడా ఇవే. అదే వస్తువు ఇంటి లోపలినుంచి పోతే సెక్షన్ 305. అక్కడ విలువతో పనిలేదు, కేసు కట్టాల్సిందే. ఫిర్యాదులో "ఇంట్లోంచి" అని రాశారా, "బయటినుంచి" అని రాశారా అన్నదాన్నిబట్టి కేసు దారే మారిపోతుంది కాబట్టి, జరిగింది జరిగినట్టు స్పష్టంగా రాయండి. గొలుసు లాక్కెళ్లడం కూడా ఇప్పుడు 304 కింద విడి నేరం. అందుకని 2024 జూలైకి ముందు ఏడాదినీ తర్వాతి ఏడాదినీ పక్కపక్కన పెట్టి "తగ్గింది, పెరిగింది" అనడం సరికాదు.

స్టేషన్‌కు వెళ్లినప్పుడు మొత్తం కేసులు ఎన్ని అని అడగకండి. మీ బీటు పరిధిలో ఇళ్లలో దొంగతనాలు, గొలుసు లాగుడు, బైకు దొంగతనాలు, ఈ మూడు మాత్రం నెలవారీగా అడగండి. అత్యవసర నంబరు 112కు మీ ప్రాంతం నుంచి ఎన్ని కాల్స్ వచ్చాయో కూడా అడగండి. జనానికి వచ్చిన ఇబ్బందిని ఎఫ్‌ఐఆర్‌ల కంటే ఆ అంకె ఎక్కువ చూపిస్తుంది. నోటిమాటగా ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇప్పుడు భయం వైపు. మనం "భయం" అనే ఒక్క మాటలో మూడు విషయాలు కలిపేస్తాం. తనకు జరుగుతుందేమో అన్న అంచనా ఒకటి. మనసులో తొలిచే బెంగ రెండోది. దానివల్ల మార్చుకున్న అలవాట్లు మూడోది, అంటే దారి మార్చుకోవడం, నగలు తీసి వెళ్లడం, ఊరెళ్లడం మానుకోవడం. ఈ మూడూ కలిసి పెరగాలని లేదు. మగవాళ్లు బెంగ ఉందని ఒప్పుకోరు, కానీ రాత్రి బండి లోపలికి ఎక్కించి రెండు తాళాలు వేస్తారు. కాబట్టి మూడింటినీ విడివిడిగా అడగాలి.

బ్రిటన్‌లో 1982లో మొదలైన నేర సర్వే నుంచి ఇప్పటిదాకా చాలా దేశాల్లో ఒక విషయం పదేపదే కనిపించింది. వీధిలో దెబ్బలు ఎక్కువ తినేది కుర్రాళ్లు, భయం ఎక్కువ చెప్పేది ఆడవాళ్లూ పెద్దవాళ్లూ. దీన్ని చూపి ఆడవాళ్లది ఉత్త భయం అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. అది పొరపాటు. ఆడవాళ్లు రోజూ పడే వెంటపడటాలు, తాకడాలు, మాటలు ఏ లెక్కలోకీ ఎక్కవు. పైగా వాళ్ల మనసులో ప్రతి చిన్న ఘటన వెనకా ఇంకా పెద్దది జరగొచ్చన్న ఆలోచన ఉంటుంది. పెద్దవాళ్లకు ఒక్కసారి తోస్తే తుంటి ఎముక విరుగుతుంది. నష్టం ఎంత పెద్దదో తెలిసినవాళ్లు జాగ్రత్తపడటంలో తప్పేముంది?

మన సరిహద్దు జిల్లాల్లో మరో సంగతి ఉంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఎక్కడ చూసినా తెలుగు ఇళ్లలో టీవీలో నడిచేది హైదరాబాద్ ఛానళ్లే. రాత్రి 9 గంటలకు చూసే దోపిడీ కూకట్‌పల్లిలోదో విశాఖలోదో అయి ఉంటుంది, బెంగ మాత్రం మన గుమ్మం దగ్గర కూర్చుంటుంది. పక్కింటి ఒడియా కుటుంబం వేరే ఛానల్, వేరే పత్రిక చూస్తుంది, వాళ్ల భయాల జాబితా వేరుగా ఉంటుంది. అందుకే ఫారంలో "ఈ సంగతి మీకు ఎలా తెలిసింది?" అన్న ప్రశ్న తప్పకుండా ఉండాలి. ఇంకొకటి, గంజాం జిల్లా నుంచి సూరత్‌కు పనికి వెళ్లిన మగవాళ్లు చాలామంది. ఆ ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే ఉంటారు. కాలనీ మొత్తం సగటు తీస్తే వాళ్ల పరిస్థితి అందులో కరిగిపోతుంది. విడిగా చూడాలి.

వాట్సాప్ ఫారం వద్దనే నా సలహా. గ్రూపులో ఉండేది ఎక్కువగా సొంత ఇళ్లవాళ్లు, అందులోనూ మగవాళ్లు. అద్దెకున్నవాళ్లు, గదులు తీసుకున్న కాలేజీ పిల్లలు, పనిమనుషులు, వాచ్‌మన్ కుటుంబం అందులో ఉండరు. ఈమధ్య ఏదైనా పోగొట్టుకున్నవాళ్లు ముందుగా నింపుతారు, ఏమీ జరగనివాళ్లు పట్టించుకోరు. వచ్చిన 150 జవాబులు కాలనీ మాట కావు, కోపంగా ఉన్నవాళ్ల మాట.

ఇంటింటికీ వెళ్లాలి, కానీ 400 ఇళ్లకూ వెళ్లక్కర్లేదు. మేడ మీది వాటాలు, వెనక రేకుల గదులు, తాళం వేసిన ఇళ్లు అన్నీ కలిపి తలుపుల జాబితా రాయండి. ఒకటి, రెండు, మూడు అని చీటీలు వేసి ఒకటి తీయండి. వచ్చిన అంకె నుంచి మొదలుపెట్టి ప్రతి మూడో తలుపు. సుమారు 133 తలుపులు వస్తాయి, అందులో 120 జవాబులు దక్కితే ఫలితం అటూ ఇటూ 7.5 శాతం తేడాతో కాలనీ మొత్తానికి వర్తిస్తుంది. 200 జవాబులు తెస్తే ఆ తేడా 5 శాతానికి తగ్గుతుంది. మీ దగ్గర మనుషులు ఉంటేనే అంత శ్రమ పెట్టండి, లేకపోతే 120 చాలు. గుర్తుంచుకోవాల్సింది, అందులో ఆడవాళ్లు 60 మంది ఉంటే వాళ్ల అంకె ఒక్కదానికి తేడా 12 శాతం దాకా పోతుంది. ఒక్కో వీధికి పది జవాబులు వచ్చినప్పుడు శాతాలు రాయనే కూడదు, "పదిమందిలో ఆరుగురు" అని రాయండి.

తాళం వేసి ఉంటే పక్కింటివాళ్లను అడిగేసి సరిపెట్టకండి. పగలంతా తాళం ఉండేది భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లకు, దొంగల బెడద ఎక్కువ ఉండేదీ ఆ ఇళ్లకే. మూడుసార్లు వెళ్లండి, మూడు వేర్వేరు వేళల్లో, ఒకటి ఆదివారం ఉదయం.

తలుపు తీసినవాళ్లనే అడగడం మరో తప్పు. పగటిపూట తలుపు తీసేది అత్తగారో రిటైరైన పెద్దాయనో. ఇంట్లో ఎవరిని అడగాలో ముందే ఒక సూత్రం పెట్టుకోండి. 18 దాటినవాళ్లను వయసు వరుసలో పెద్ద నుంచి చిన్నకు రాయండి. ఫారం నంబరును ఆ మందితో భాగించండి, శేషం ఎంతో ఆ వరుసలో ఉన్న మనిషి. ఫారం నంబరు 17, ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు అనుకుంటే శేషం 1, అందరిలో పెద్దవాళ్లను అడగాలి. ముగ్గురైతే శేషం 2, రెండోవారు. శేషం సున్నా వస్తే చివరివారు. గత ఆరు నెలల్లో ఎక్కువ రాత్రులు ఈ ఇంట్లో పడుకున్నవాళ్లనే లెక్కలోకి తీసుకోండి, సూరత్‌లో ఉన్న కొడుకు ఈ వరుసలోకి రాడు.

ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఇద్దరిలో ఒకరు ఆడవాళ్లయి ఉండాలి. తమ వీధికి తాము వెళ్లకూడదు, పక్కింటమ్మాయికి ఎవరూ మనసులో మాట చెప్పరు. ఫారాలు రెండు భాషల్లో ఉండాలి. తెలుగులో ఒకరు రాస్తే ఒడియాలోకి మరొకరు మార్చాలి, ఆ ఒడియాను చూసి మూడోవారు మళ్లీ తెలుగులో చెప్పాలి. మొదటిదానికీ చివరిదానికీ అర్థం తేడా వచ్చిన ప్రశ్నను తిరగరాయండి. పుస్తక భాష వద్దు. ఒక్కో ఇంటికి 15 నిమిషాలు దాటితే జనం విసుగుతో ఏదో ఒకటి చెప్పేస్తారు. ముందు పది ఇళ్లలో చేసి చూసి, ఆ పదిటినీ లెక్కలో కలపకుండా పక్కన పెట్టండి. మొదలుపెట్టే ముందు స్టేషన్‌కు ఒక ఉత్తరం ఇచ్చి, కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. కొత్త మనుషులు ఇంటింటికీ తిరిగి దొంగతనాల గురించి అడుగుతున్నారన్న వార్తే కాలనీలో కొత్త భయం పుట్టిస్తుంది.

ప్రశ్నల వరుస ముఖ్యం. మొత్తంమీద ఎలా అనిపిస్తోంది అన్నది ముందు అడగాలి, నేరాల పేర్లు తర్వాత రావాలి. పది నేరాల పేర్లు చదివి వినిపించాక "మీకు ధైర్యంగా ఉందా?" అంటే ఎవరు ఉందంటారు? నేను పెట్టే ప్రశ్నలు ఇలా ఉంటాయి:

"రాత్రి 9 దాటాక మీ వీధిలో ఒంటరిగా నడవాల్సి వస్తే ఎలా ఉంటుంది? ధైర్యంగానే / ఫరవాలేదు / జంకుగా / చాలా భయంగా / అసలు వెళ్లను." ఇదే ప్రశ్న పగటివేళకు, మళ్లీ ఇదే బజారుకు, బస్టాండుకు. ఉత్త "రాత్రి" అని అడగొద్దు, ఒకరికి రాత్రి అంటే 7, మరొకరికి 11. "అసలు వెళ్లను" అన్నవాళ్లను "భయం వల్లనా, పని లేకనా?" అని తప్పకుండా అడగాలి. ఇది అడగకపోతే భజనకు తప్ప గడప దాటని బామ్మగారు కూడా భయపడేవాళ్ల లెక్కలో చేరిపోతారు.

"కాలనీలో మీరు తప్పించుకుని తిరిగే చోటు ఉందా? ఎక్కడ, ఏ వేళ?" చేతిలో వీధుల పటం పెట్టి గుర్తు పెట్టించండి. ఫారం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇది.

"పోయిన నెల రోజుల్లో, ఇంట్లో దొంగలు పడతారేమోనని బెంగపడిన సందర్భం ఉందా? ఎన్నిసార్లు?" దీన్నే గొలుసుకు, బండికి, ఫోన్‌కు, ఆడపిల్లల వెంట పడటానికి, ఫోన్‌లో డబ్బు మోసానికి విడివిడిగా అడగండి. "ఎంత భయం?" అని అడిగితే చాలామంది "చాలా" అంటారు. ఎన్నిసార్లు అని అడిగితే సగం మంది ఆలోచించి ఒకటో రెండో అంటారు. ఎన్నిసార్లు అని అడిగినప్పుడు భయం చాలా తక్కువగా తేలుతుందని బ్రిటన్‌లో చేసిన పరిశోధనల్లోనూ తేలింది.

"భయం వల్ల పోయిన నెలలో ఏమైనా మానుకున్నారా, మార్చుకున్నారా?" ట్యూషన్ వేళ మార్చడం, పెళ్లికి నగలు లేకుండా వెళ్లడం, రాత్రి షిఫ్ట్ వదులుకోవడం లాంటివి వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

తర్వాత, నిజంగా జరిగినవి. "పోయిన ఏడాదిలో" అని అడిగితే రెండేళ్ల కిందటి దొంగతనం కూడా దగ్గరికి జరిగి వస్తుంది, పెద్ద ఘటనలు ఎప్పుడూ నిన్న మొన్న జరిగినట్టే గుర్తుంటాయి. అందరికీ తెలిసిన పండుగను హద్దుగా పెట్టండి, "పోయిన దసరా నుంచి ఇప్పటిదాకా" అని. బరంపురం ఊరి పండుగ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి "యాత్రకు ముందా, తర్వాతా?" అన్నది మంచి కొండగుర్తు. ఏ నెల, ఏ వేళ, ఏం పోయింది, విలువ ఎంత, స్టేషన్‌కు వెళ్లారా, వెళ్లకపోతే ఎందుకు, ఇవన్నీ ఉండాలి. వాళ్ల ఇంట్లో జరిగినదాన్నీ, విన్నదాన్నీ వేర్వేరు గళ్లలో రాయాలి. ఒక ఇంట్లో పోయిన మంగళసూత్రాన్ని పాతిక మంది చెబుతారు. విన్నవాటికి వీధి, నెల రాసుకుంటే తర్వాత కలిపి చూసినప్పుడు పాతిక కథలూ ఒకే ఘటన అని తేలుతుంది.

"వెళ్లలేదు" అన్నవాళ్ల కారణాల్లో భాషకు ఒక గడి పెట్టండి. ఒడియా మాట్లాడగలిగినా చదవలేని తెలుగు పెద్దవాళ్లు మన దగ్గర చాలామంది. ఏం రాశారో తెలియని కాగితం మీద సంతకం పెట్టడానికి జంకుతారు. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చెప్పినవారికి చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి అని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173లోనే ఉంది. ఈ మాట సర్వే చేసేటప్పుడు కాదు, ముగిశాక చెప్పండి. మధ్యలో చెబితే జవాబులు మారతాయి.

చివరగా ఇరుగుపొరుగు ప్రశ్నలు. "పిల్లలు బడి ఎగ్గొట్టి మూల మీద తిరుగుతుంటే మీ వీధివాళ్లు ఎవరైనా అడుగుతారా?" "మీ ఇంటి ముందు ఎవరైనా గొడవపడితే పక్కింటివాళ్లు బయటికి వస్తారా?" ఇలాంటి ప్రశ్నలతో షికాగోలో చేసిన అధ్యయనం 1997లో వెలువడింది. ఆదాయాల తేడా తీసేసి చూసినా, ఒకరికొకరు అండగా నిలిచే వీధుల్లో హింస తక్కువని అందులో తేలింది. మన దగ్గర అద్దెవాళ్లు తరచు మారే వీధుల్లో ఈ జవాబులు ఎలా వస్తాయో ప్రత్యేకంగా చూడండి.

కొన్ని ప్రశ్నలు అసలు పెట్టకూడదు. "బయటినుంచి వచ్చినవాళ్ల వల్ల భయంగా ఉందా?" అన్నది మొదటిది. మీరే జవాబు అందించి, ఒక బస్తీ మీదో ఒక భాషవాళ్ల మీదో వేలు చూపించినట్టవుతుంది. 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారుతో ఐదుగురిని కొట్టి చంపారు. సర్వే ఫారం అలాంటి పుకారుకు ఊతం ఇవ్వకూడదు. రెండోది ఇంట్లో జరిగే హింస. ఆడవాళ్ల మీద జరిగే దౌర్జన్యంలో పెద్ద భాగం ఇంటి నాలుగు గోడల మధ్యే జరుగుతుంది. కానీ అత్తగారు వింటుండగా అడిగితే నిజం రాదు, మీరు వెళ్లాక ఆమెకు ముప్పు. అది అడగడానికి వేరే శిక్షణ కావాలి. మీరు చేయగలిగింది, అందరికీ ఇచ్చే చీటీలో 112, ఫోన్‌లో డబ్బు మోసాలకు 1930 పక్కన మహిళల కోసం 181 కూడా అచ్చువేయడం. మూడోది, "కెమెరాలు కావాలా?" ఉచితమంటే అందరూ కావాలంటారు. ఇంటికి ఎంత పడుతుందో చెప్పి, అదే డబ్బుతో దీపాలు బాగుచేయించడమా, వాచ్‌మన్‌ను పెట్టడమా, కెమెరాలా అని ఎంచుకోమనండి.

నింపిన ఫారాల భద్రత గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎవరింట్లో ముసలివాళ్లు ఒంటరిగా ఉంటారు, ఎవరు ఏ వేళ తాళం వేసి వెళ్తారు, ఎవరి భర్త సూరత్‌లో ఉన్నాడు, ఇవన్నీ ఆ కాగితాల్లో ఉంటాయి. దొంగ చేతికి చిక్కితే అంతకంటే పెద్ద సాయం ఇంకొకటి ఉండదు. ఫారం మీద పేరు, ఇంటి నంబరు ఉండకూడదు, సంకేత సంఖ్య మాత్రమే. ఏ సంఖ్య ఏ ఇల్లో చెప్పే కాగితం ఒక్కరి దగ్గరే, తాళంలో. తిరిగి వెళ్లే పని అయిపోయాక దాన్ని చింపేయండి. ఫారాల ఫొటోలు తీసి గ్రూపులో పెట్టడం అసలే వద్దు.

సర్వే అయ్యాక, పటం మీద గుర్తులు గుంపుకట్టిన చోట్లకు రాత్రి నడిచి వెళ్లాలి. అమావాస్యకు అటూ ఇటూ రెండు మూడు రోజుల్లో వెళ్లండి, పౌర్ణమి వెన్నెల్లో వీధి అంతా బాగానే కనిపిస్తుంది. ఆరేడుగురు, సగం ఆడవాళ్లు, రాత్రి ఏడున్నరకు ఒకసారి, పదింటికి మరోసారి, ఒకే దారిలో. ప్రతి స్తంభం నంబరు రాసుకోండి. వెలుగు ఉందా, ఎదురొచ్చే మనిషి ముఖం పది పన్నెండు గజాల నుంచి పోల్చుకోగలమా, పారిపోవడానికి దారి ఉందా, గోడ వెనకో లారీ వెనకో మనిషి దాక్కునే చోటు ఉందా, తెరిచిన దుకాణం గాని, వీధివైపు కిటికీ గాని ఉన్నాయా, ఆ వేళ అక్కడ ఆడవాళ్లు తిరుగుతున్నారా. సేఫ్టీపిన్ అనే యాప్ 2013 నుంచి మన దేశంలో ఇలాంటి తొమ్మిది అంశాలతోనే చోట్లకు మార్కులు వేస్తోంది. యాప్ లేకుండా కాగితం మీద కూడా సున్నా నుంచి మూడు మార్కుల దాకా వేసుకోవచ్చు.

వెలుగు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. భారతీయ ప్రమాణం ఐఎస్ 1944 ప్రకారం, రాకపోకలు తక్కువ ఉండే చిన్న వీధికి సగటున 4 లక్స్ (నేల మీద పడే వెలుగు కొలత) చాలు, రద్దీ ఉన్న పక్క రోడ్డుకు 8. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌లు ఉంటాయి, అంకె అంత నిక్కచ్చిగా ఉండదు గాని, ఒకే ఫోన్‌తో రెండు చోట్లను పోల్చడానికి పనికొస్తుంది. దీపం కింద ఒకసారి, రెండు స్తంభాల మధ్య ఒకసారి చూడండి. కింద 20, మధ్యలో సున్నా ఉంటే ఇంకా పెద్ద బల్బు పెట్టించడం వల్ల లాభం లేదు. మిరుమిట్ల వెలుగు కింద నిలబడినవాళ్లకు పక్క చీకటి ఇంకా నల్లగా కనిపిస్తుంది. ఎల్‌ఈడీ వెలుగు కిందికే ఎక్కువ పడుతుంది, స్తంభాలు దూరంగా ఉంటే మధ్యలో చీకటి మిగులుతుంది. మధ్యలో ఒక స్తంభం వేయించడమో, ఇళ్ల గేట్ల దగ్గర 9 వాట్ల బల్బులు వెలిగించడమో మేలు. చాలాచోట్ల బల్బు బాగానే ఉంటుంది, బాదం చెట్టు కొమ్మ దాన్ని కప్పేసి ఉంటుంది. కొమ్మ కొట్టిస్తే సరిపోయేదానికి కొత్త దీపం కోసం అర్జీలు పెడుతుంటారు. వెలగని దీపం ఎవరి బాధ్యతో ముందే తెలుసుకోండి. కరెంటు సరఫరా టీపీఎస్‌ఓడీఎల్‌ది, వీధి దీపాల నిర్వహణ మున్సిపల్ కార్పొరేషన్‌ది. ఇది తెలియక జనం రెండు ఆఫీసుల మధ్య తిరుగుతుంటారు. ఖాళీ స్థలాల్లో పెరిగిన తుప్పలు, మందు సీసాలు, పాడుపడ్డ గది లాంటివి కూడా స్తంభం నంబరుతో సహా రాయండి. నేరం జరగకపోయినా, ఈ చోటును పట్టించుకునేవాళ్లు లేరని అవి చెబుతాయి, జనం భయపడేది దానికే.

లెక్కలు తీసేటప్పుడు చిన్న అంకెలతో మోసపోవద్దు. పోయినేడాది మూడు ఇళ్లలో, ఈ ఏడాది ఆరు ఇళ్లలో దొంగలు పడ్డారంటే "రెట్టింపైంది" అని కరపత్రం వేయడం సులువు. ఇంత చిన్న అంకెలు ఏ కారణం లేకుండానే అలా మారతాయి. ఒకే ముఠా ఒకే రాత్రి మూడిళ్లు దోచినా అంతే అవుతుంది. వరుసగా మూడేళ్లు ఒకే వైపు కదిలితే మాట్లాడండి. సర్వేకు వారం ముందే పెద్ద దొంగతనం జరిగి ఉంటే నెలన్నర ఆగండి, లేకపోతే ఆ ఒక్క ఘటననే కొలిచినట్టవుతుంది.

ఇక కెమెరాలు. నేరం జరిగాక బండి నంబరు పట్టుకోవడానికి పనికొస్తాయి, పార్కింగ్ చోట్ల దొంగతనాలు తగ్గిస్తాయి. తాగి గొడవలు పడేవాళ్లను ఆపలేవు, చీకటి మూలలో నడిచే అమ్మాయికి ధైర్యం పెద్దగా ఇవ్వవు. పెట్టాలనుకుంటే, 2 ఎంబీపీఎస్ వేగంతో రికార్డయ్యే ఒక కెమెరాకు రోజుకు సుమారు 21.6 జీబీ కావాలి. నాలుగు కెమెరాలకు 30 రోజులంటే 2.6 టీబీ, కాబట్టి 4 టీబీ డిస్కు తీసుకోండి. కొట్లవాళ్లు 1 టీబీ పెట్టి ఇస్తారు, పన్నెండో రోజుకే పాతది చెరిగిపోతుంది. కనీసం ఒక కెమెరా ముఖం ఎత్తులో, కాలనీ దారి సన్నబడే చోట ఉండాలి, స్తంభం పైనుంచి చూస్తే టోపీ తప్ప ముఖం కనిపించదు. నెలకోసారి గడియారం సరిచూడండి, సాలెపురుగు గూడు తుడవండి. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు ఏడాదిలో తుప్పు పడతాయి. రికార్డింగ్ కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చేస్తే సరిపోదు, కెమెరాలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లతోపాటు ఒక నిపుణుడూ సంతకం పెట్టాలి. కెమెరాలు చూసుకునే మనిషి ఎవరో ముందే తేల్చుకోండి.

స్టేషన్‌కు తీసుకెళ్లే కాగితం రెండు పేజీలు దాటకూడదు. "భయంగా ఉంది, గస్తీ పెంచండి" అని కాకుండా, "ఫలానా స్తంభాల మధ్య, రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా, అడిగిన 120 మందిలో ఇంతమంది చెప్పిన చోటు ఇది" అని రాయండి. ఏ అధికారికైనా అది పని చేయగలిగిన అర్జీ అవుతుంది. గస్తీ కొత్తగా మొదలైతే ఎందుకో కాలనీకి చెప్పండి, చెప్పకపోతే జీపు రెండుసార్లు తిరిగిన రాత్రే "ఏదో జరిగింది" అని పుకారు లేస్తుంది. పర్లాకిమిడి లాంటి చోట్ల నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వెళ్లే బస్సులో సంచి పోతే ఎక్కడ పోయిందో చెప్పలేం. మా పరిధి కాదని తిప్పి పంపే వీలు చట్టంలో లేదు. 173 కింద ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు, స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. కాగ్నిజబుల్ నేరాలకే ఇది వర్తిస్తుంది.

రెండో సర్వే ఏడాది తర్వాత అదే నెలలో చేయండి. చలికాలం ఆరింటికే చీకటి, వేసవిలో జనం వాకిట్లో పడుకుంటారు, నెల మారితే జవాబులూ మారతాయి. చీటీ మళ్లీ వేసి కొత్త తలుపులు ఎంచుకోండి. ప్రశ్నల్లో మాత్రం ఒక్క మాట కూడా మార్చవద్దు, ఇంకా బాగా రాయొచ్చని అనిపించినా సరే. కొత్త ప్రశ్నలు కావాలంటే ఫారం చివర చేర్చండి.